హైదరాబాద్ డాబా మీద నుంచి అంగారకుడు: ఎప్పుడు, ఎటు, 2027 ఫిబ్రవరి మీదే ఎందుకు కన్నేయాలి

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కుండపోతగా వాన కురిసింది. కాలనీలు మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి. సరిగ్గా ఆ రాత్రే, ఆ మబ్బులకు అవతల, అంగారకుడు సూర్యుడికి ఎదురు దిక్కున నిలబడి భూమికి 6.27 కోట్ల కిలోమీటర్ల దూరంలో వెలిగిపోతున్నాడు. అంతకన్నా దగ్గరికి మళ్ళీ వచ్చేది 2035 సెప్టెంబర్‌లో. అదీ వానాకాలమే.

2020 నాటి వాన తేదీ యాదృచ్ఛికమే కావచ్చు గానీ, దాని వెనక ఉన్న లెక్క యాదృచ్ఛికం కాదు. అంగారకుడి కక్ష్య కాస్త సాగిన వృత్తం, సూర్యుడు దాని నడిమిన కాక ఒక పక్కకు ఉంటాడు. సూర్యుడికి దగ్గరగా ఉన్న కొసన 20.7 కోట్ల కిలోమీటర్లు, దూరపు కొసన 24.9 కోట్లు. ఆ దగ్గరి కొస ఉన్న దిక్కుకు మన భూమి ఏటా ఆగస్టు చివర్లో చేరుతుంది, దూరపు కొస ఉన్న దిక్కుకు ఫిబ్రవరి చివర్లో. కాబట్టి రెండు గ్రహాలూ బాగా దగ్గరపడే ఏళ్ళన్నీ జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే పడతాయి: 2003 ఆగస్టు 28, 2018 జూలై 27, రాబోయే 2035 సెప్టెంబర్ మధ్య. అప్పుడు మన నెత్తిన నైరుతి మబ్బులు. వాటికి భిన్నంగా 2027 ఫిబ్రవరి 19న రాబోయేది బాగా దూరపు కలయిక, 10.1 కోట్ల కిలోమీటర్లు. 2003లో అది 5.6 కోట్లే. ఆ లెక్కన విదేశీ పత్రికలు 2027ను చిన్నచూపు చూస్తాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఆ చిన్నచూపును అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఎందుకంటే, ఒకటి, ఫిబ్రవరిలో మన ఆకాశం పొడిగా, తేటగా ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు ఉత్తరం. ఆ రోజు అంగారకుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో గీసుకున్న గీతకు) 15 డిగ్రీలకు కాస్త పైగా ఉత్తరాన ఉంటాడు. తీసివేస్తే మిగిలేది రెండు డిగ్రీలు. అంటే అర్ధరాత్రి దాటాక ఆయన అచ్చంగా మన నడినెత్తిన ఉంటాడు. వాతావరణం అక్కడ అన్నిటికన్నా పలుచన. అదే 45 డిగ్రీల ఎత్తులో అయితే కాంతి ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ గాలిని, 20 డిగ్రీల ఎత్తులో అయితే దాదాపు మూడు రెట్ల గాలిని దాటి రావాలి. 2033 జూన్ చివర్లో అంగారకుడు 6.3 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చినా, దక్షిణాన దిగువగా 45 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు, అదీ మబ్బు కరుణిస్తే.

ఈ ఎదురెదురు కలయికలు 780 రోజులకోసారి, అంటే సుమారు 26 నెలలకు వస్తాయి. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు, అంగారకుడు 24 కిలోమీటర్లు. లోపలి దారిలో మనం వేగంగా వెళుతున్నాం కాబట్టి ఆయన్ని దాటేస్తాం. ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి చూసేవాడికి పక్క పట్టాల మీద అదే దిక్కుకు పోతున్న ఎంఎంటీఎస్ వెనక్కు జారుతున్నట్టు కనిపిస్తుంది కదా, పంచాంగంలో కుజుడి వక్రం అదే. 2027లో ఈ వక్రం జనవరి 10 నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. మంగళయాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరడానికీ ఈ 26 నెలల చక్రమే కారణం. అవతల 2014 ఏప్రిల్ 8న కలయిక ఉంది, దానికి కొన్ని నెలల ముందే బయల్దేరాలి.

పంచాంగంతోనే పని అయిపోతుంది

యాప్ లేకపోయినా కుజుడు ఏ పూట కనిపిస్తాడో తేల్చుకోవడానికి ఇంట్లో ఉగాదికి కొన్న పంచాంగం చాలు. జాతకాల సంగతి పక్కన పెట్టి అందులో రెండే చూడండి: రవి ఏ రాశిలో ఉన్నాడు, కుజుడు ఏ రాశిలో ఉన్నాడు. ఒక్కో రాశి 30 డిగ్రీలు, ఆకాశం ఆ 30 డిగ్రీలు తిరగడానికి రెండు గంటలు. రవికి కుజుడు ముందు రాశుల్లో ఉంటే సాయంత్రం కనిపిస్తాడు, ఎన్ని రాశులు ముందుంటే సూర్యాస్తమయం తర్వాత అన్ని రెండేసి గంటలకు అస్తమిస్తాడు. వెనక రాశుల్లో ఉంటే తెల్లవారుజాము గ్రహం, సూర్యోదయానికి అన్ని రెండేసి గంటల ముందు ఉదయిస్తాడు. ఏడో రాశిలో, అంటే సమసప్తకంలో ఉంటే రాత్రంతా మనదే. ఇద్దరూ ఒకే రాశిలో ఉంటే వెతకడం దండగ.

ఒక లెక్క వేసి చూద్దాం. 2026 డిసెంబర్ 1. రవి వృశ్చికంలో, కుజుడు సింహంలో. సింహం నుంచి వృశ్చికానికి మూడు రాశులు, అంటే ఆరు గంటలు. హైదరాబాద్‌లో ఆ రోజు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో కాబట్టి కుజుడి ఉదయం రాత్రి పన్నెండున్నరకని లెక్క చెబుతుంది. నిజానికి పదకొండూ నలభైకే వచ్చేస్తాడు. సూర్యుడు ఆకాశంలో దక్షిణానికి, అంగారకుడు ఉత్తరానికి ఒదిగి ఉన్నందువల్ల ఒకటి, రాశిలో ఎక్కడున్నారో మనం చూడకపోవడం వల్ల ఒకటి, ఆ తేడా. గ్రహస్ఫుటాలు, అంటే గ్రహాల కచ్చితమైన స్థానాలు, డిగ్రీలతో ఇచ్చే పంచాంగమైతే రెండో తప్పు పోతుంది.

పెళ్ళి ముహూర్తాలకు గురు, శుక్ర మూఢాలే చూస్తారు గానీ కుజుడికీ మూఢం ఉంది. సూర్యుడికి 17 డిగ్రీల లోపలికి వస్తే అస్తంగతుడైనట్టని సూర్యసిద్ధాంతం హద్దు గీసింది. ఆ హద్దు నేటికీ చక్కగా పనిచేస్తుంది. అంగారకుడు దాదాపు సూర్యుడి వేగంతోనే నడుస్తాడు కాబట్టి ఆ 34 డిగ్రీలు దాటడానికి నాలుగైదు నెలలు తీసుకుంటాడు. 2026 జనవరి 9న సూర్యుడి వెనక్కు వెళ్ళినవాడు మార్చి చివరిదాకా బయటపడకపోవడం అందువల్లే.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటి ఉంది. పంచాంగం కర్కాటకం అంటుంది, ఫోన్‌లో యాప్ సింహం అంటుంది. 2027 ఏప్రిల్‌లో అచ్చంగా ఇదే జరుగుతుంది. రెండూ తప్పు కావు. పంచాంగం రాశిచక్రాన్ని సరిసమానంగా పన్నెండు ముక్కలు చేస్తుంది, యాప్‌లో తారాసమూహాల హద్దులు చిన్నా పెద్దా రకరకాలు. ఇంగ్లిష్ పత్రికల రాశిఫలాల్లో ఇచ్చేది మాత్రం మూడో లెక్క, మన లెక్కకు 24 డిగ్రీలు ముందుంటుంది. అది పట్టుకుని ఆకాశంలో వెతికితే దొరకడు.

2026 నుంచి 2028 దాకా

2026 జూన్ మధ్యలో తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో తూర్పున లేస్తాడు. నెలాఖరుకు కృత్తికల పక్కకు చేరతాడు. అప్పటికి మబ్బులు మొదలవుతాయి కాబట్టి దీని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున రెండు గంటలకే లేస్తాడు. అక్టోబర్ 11 ప్రాంతంలో పుష్యమి నక్షత్రం దగ్గరి తారల గుంపులోంచి దాటతాడు. వాన వెలిసిన తేట గాలిలో, రెండు గంటలు దాటాక బైనాక్యులర్స్‌లో చూస్తే చిమ్మిన రవ్వల మధ్య నిప్పుకణిక ఉన్నట్టుంటుంది. నగరం దీపాల్లో ఆ గుంపు మామూలు కంటికి ఆనదు, బైనాక్యులర్స్ తప్పనిసరి.

నవంబర్ 16 తెల్లవారుజాము గుర్తు పెట్టుకోదగ్గది. గురుడూ కుజుడూ దాదాపు ఒక డిగ్రీ దూరంలో, అంటే చాచిన చేతి చిటికెన వేలి వెడల్పులో పక్కపక్కనే. అర్ధరాత్రి దాటగానే ఉదయిస్తారు గానీ మూడు గంటల తర్వాత చూడటం మేలు. గురుడు బాగా ప్రకాశంగా, మీగడ రంగులో ఉంటాడు, కుజుడు అంతకన్నా మందంగా నారింజ రంగులో. ఈ ఇద్దరి రంగుల తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఆ తర్వాత అంగారకుణ్ణి పోల్చుకోవడానికి ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. నెలాఖరు వారంలో మఖ నక్షత్రాన్ని దాటి ముందుకు పోతాడు. జనవరి 10న ఆగి, వెనక్కు తిరిగి మళ్ళీ మఖ వైపే వస్తాడు. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకు తూర్పున లేస్తాడు.

ఇక ఫిబ్రవరి. సూర్యుడు పడమట దిగుతుంటే ఆరూ పావు ప్రాంతంలో తూర్పున ఆయన పైకి వస్తాడు. ఘట్‌కేసర్ వైపు ఖాళీగా ఉన్న డాబా అయితే ఏడింటికల్లా చూడొచ్చు. ముందుగా పైకి వచ్చేది గురుడు, అన్నిటికన్నా ప్రకాశంగా. ఆయనకు కింద ఒక పిడికిలి దూరంలో అంగారకుడు. అంగారకుడికి కుడి పక్కన, మూడు వేళ్ళ వెడల్పుకు కాస్త లోపలే, తెల్లటి మఖ. ఫిబ్రవరి 20 మాఘ పౌర్ణమి. నెలకు మాఘమని పేరు వచ్చిందే నిండు చంద్రుడు మఖ దగ్గర ఉంటాడని. ఆ రాత్రి ఆ పేరును ఆకాశం అక్షరాలా చూపిస్తుంది: నిండు చంద్రుడు, మఖ, అంగారకుడు ఒకే చోట, పక్కన గురుడు. పరాభవ నామ సంవత్సరంలో ఇంతకన్నా మంచి దృశ్యం ఉండదనిపిస్తోంది.

నడినెత్తికి వచ్చేది పన్నెండున్నరకు. అర్ధరాత్రి పన్నెండుకే రావాలి కదా అనిపిస్తుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ అంతకు నాలుగు డిగ్రీలు పడమర, అందుకు 16 నిమిషాలు. ఫిబ్రవరి నడిమిలో సూర్యుడే గడియారం కన్నా 14 నిమిషాలు వెనకబడి ఉంటాడు. రెండూ కలిపి అరగంట.

రోజులు గడిచేకొద్దీ ఆయన పూట ముందుకు జరుగుతుంది. ఏప్రిల్ మధ్యకు రాత్రి ఎనిమిదిన్నరకే నడినెత్తిన ఉంటాడు. పిల్లలకు చూపించాలంటే ఇదే సరైన సమయం, నిద్ర చెడదు, పరీక్షలూ అయిపోతాయి. ఫిబ్రవరి అంత వెలుగు ఉండదు గానీ రంగు బాగానే తెలుస్తుంది. జూన్‌లో మబ్బులు. 2027 అక్టోబర్ చివర్లో సాయంత్రం చీకటి పడగానే నైరుతిలో దిగువన జ్యేష్ఠా నక్షత్రం పక్కన కనిపిస్తాడు, రెండూ ఎర్రగా, ఇంచుమించు ఒకే వెలుగులో. జ్యేష్ఠకు గ్రీకులు పెట్టిన పేరుకు అర్థం 'అంగారకుడికి పోటీ' అని. పోటీ ఎంత దగ్గరో ఆ వారంలో తెలుస్తుంది. 2028 మార్చిలో మళ్ళీ సూర్యుడి వెనక్కు.

పోల్చుకోవడం

ఎర్ర గ్రహం అన్న పేరే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. చింతనిప్పులాంటి ఎరుపు కోసం వెతుకుతారు. కనిపించేది బొగ్గుల కుంపటి మీద పలచగా బూడిద కప్పినప్పటి రంగు, నారింజకు పసుపు కలిసిన ఛాయ. అంగారకమంటే బొగ్గు నిప్పు అనే కదా. దూరంగా ఉన్నప్పుడు ఆ బూడిద ఇంకా మందంగా ఉంటుంది. ఒక కిటుకు: బైనాక్యులర్స్‌లో చూస్తూ ఫోకస్ కాస్త చెడగొట్టండి. చుక్క పరుచుకుని చిన్న బిళ్ళలా అవుతుంది, రంగు వెంటనే తేలుతుంది.

అంగారకుడని పొరబడే ఎర్రటి నక్షత్రాలు ముఖ్యంగా మూడు ఉన్నాయి: రోహిణి, ఆర్ద్ర, జ్యేష్ఠ. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది అని బడిలో చెప్పిన మాట నెత్తి మీద ఉన్నప్పుడు నిజం. దిక్చక్రానికి పిడికిలి ఎత్తులో, వేడి గాలి పొరల్లోంచి చూస్తే అంగారకుడూ మిణుకుతాడు. ముఖ్యంగా దూరంగా ఉండి, టెలిస్కోప్‌లో కనిపించే ఆయన బిళ్ళ 4, 5 ఆర్క్ సెకండ్లకు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) చిక్కిపోయినప్పుడు. పైగా నగరం దుమ్ము ఆ మొదటి పది డిగ్రీలను దాదాపు మింగేస్తుంది. అందుకే ఉదయించే వేళకు ఇంకో నలభై నిమిషాలు కలుపుకోండి. పిడికిలి ఎత్తు ఎక్కడానికి పట్టే సమయం అదే.

కోకాపేట, నార్సింగి వైపు ఇళ్ళవాళ్ళకు ఇంకో ఇబ్బంది. ఎత్తయిన భవనాల మీద, క్రేన్ల మీద ఎర్ర దీపాలు. శంషాబాద్‌కు దిగే విమానం నేరుగా మన వైపు వస్తుంటే నిమిషం రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. అనుమానం వస్తే నీళ్ళ ట్యాంకు అంచుకో, పిట్టగోడ మూలకో ఆ చుక్కను ఆనించి మీరు కదలకుండా చూడండి. నాలుగు నిమిషాల్లో ఒక డిగ్రీ పడమరకు జరిగితే ఆకాశానిది. అక్కడే ఉంటే దీపం. ఎటో పోతే విమానం.

యాప్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. పై అంతస్తు కోసం వదిలిపెట్టిన ఇనుప చువ్వల దగ్గర, సోలార్ హీటర్ స్టాండు పక్కన ఫోన్ దిక్సూచి తప్పుతుంది. అంగారకుడు పొరుగింటి చింతచెట్టులో ఉన్నాడని చూపిస్తుంది. డాబా మధ్యకు వచ్చి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పి మళ్ళీ చూడండి. ఇంకా నమ్మకం కుదరకపోతే చంద్రుణ్ణి ఆధారం చేసుకోండి, యాప్‌లో చంద్రుడు అసలు చంద్రుడి మీద పడుతున్నాడో లేదో చూస్తే తేలిపోతుంది.

దీని కోసం అనంతగిరి కొండలకు కారు వేసుకుని వెళ్ళాలా? అక్కర్లేదు. పాలపుంత చూడాలంటే నగరం వదలాలి గానీ, మైనస్ 1.2 ప్రకాశంతో (ఈ కొలతలో అంకె ఎంత తగ్గితే అంత వెలుగు) ఉన్న గ్రహానికి అమీర్‌పేట డాబా కూడా సరిపోతుంది. పౌర్ణమి వెన్నెల కూడా అడ్డు కాదు.

టెలిస్కోప్ ఉంటే

బైనాక్యులర్స్‌లో అంగారకుడు చుక్కే. 2027లో ఆయన బిళ్ళ 13.8 ఆర్క్ సెకండ్లు. అది మామూలు కంటికి చంద్రుడంత కనిపించాలంటే 130 రెట్లు పెంచాలి. ఏటా ఆగస్టు 27న 'ఈ రాత్రి ఆకాశంలో రెండు చంద్రులు' అని వాట్సాప్‌లో తిరిగే కబురు పుట్టింది ఇలాంటి లెక్కలోంచే. 2003లో బిళ్ళ 25 ఆర్క్ సెకండ్లు, కాబట్టి 75 రెట్లు పెంచే టెలిస్కోప్‌లో అంగారకుడు మామూలు కంటికి కనిపించే చంద్రుడంత ఉంటాడన్నారు. ఫార్వర్డ్ చేసేవాళ్ళ చేతుల్లో టెలిస్కోప్ జారిపోయింది, చంద్రుడు మిగిలాడు. 2026 ఆగస్టు 27న బిళ్ళ 5 ఆర్క్ సెకండ్లే, అదీ తెల్లవారుజామున.

నాలుగు అంగుళాల టెలిస్కోప్, 150 రెట్లు, ఇవి ఉంటే ధ్రువం దగ్గర మంచు టోపీ ఒక తెల్ల పూసలా చిక్కుతుంది. ఈసారి ఉత్తర ధ్రువం మనవైపు వంగి ఉంటుంది. అక్కడ వసంతం చివరి రోజులు, మంచు కరుగుతూ ఉంటుంది. దుమ్ము తుఫానుల కాలం కూడా కాదు. 2018లో అంగారకుడు ఎంతో దగ్గరికి వచ్చినా గ్రహమంతా దుమ్ము కమ్మేసి బిళ్ళ మీద గీత కూడా లేకుండా పోయింది. ఆరు అంగుళాలు, ఆపైన ఉన్నవాళ్ళు నారింజ రంగు ఫిల్టర్ పెడితే నల్లటి మచ్చలు తేటపడతాయి. పెట్టె మీద 675 రెట్లు అని అచ్చేసిన బొమ్మ టెలిస్కోప్‌ను కొనకండి. అంగుళానికి 50 రెట్లు దాటితే పెరిగేది మసకే.

డాబా శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పదింటిదాకా వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ వేడి పొరల్లోంచి చూస్తే బిళ్ళ నీళ్ళలో నాణెంలా ఆడుతుంది. ఏసీ బయటి యూనిట్లకు దూరంగా పెట్టండి. టెలిస్కోప్‌ను గదిలోంచి తెచ్చాక ముప్పై, నలభై నిమిషాలు చల్లారనివ్వండి. అద్దం వేడిగా ఉంటే లోపలి గాలే కదులుతుంటుంది. శ్లాబు మీద నీళ్ళు చల్లితే చల్లబడుతుందని అనుకోవద్దు, ఆవిరి లేచి ఇంకాస్త చెడుతుంది.

నడినెత్తి గొప్పతనం చెప్పుకున్నాం, దాని చిక్కు కూడా చెప్పాలి. డాబ్సన్ స్టాండు (చేత్తో పైకీ పక్కకీ తిప్పే పీట) ఉన్న టెలిస్కోప్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకు తిప్పడం చాలా కష్టం. కాస్త తోస్తే గ్రహం జారిపోతుంది, మళ్ళీ పట్టుకోవడానికి స్టాండును సగం చుట్టు తిప్పాలి. కాబట్టి పన్నెండున్నరకు పట్టుబట్టకండి. దానికి రెండు గంటలు ముందో వెనకో చూడండి. అప్పుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, గాలి తేడా పదిహేను శాతమే, మెడకూ సుఖం. టెలిస్కోప్ లేనివాళ్ళు చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంటే చాలు.

అంగారకుడి రోజు 24 గంటల 37 నిమిషాలు. కాబట్టి రోజూ ఒకే వేళకు చూస్తే మచ్చలు తొమ్మిది డిగ్రీల చొప్పున వెనకబడుతుంటాయి. మొదటి రాత్రి చూసిన సిర్టిస్ మేజర్ మచ్చ వారం తర్వాత అంచుకు పోతుంది, పూర్తిగా తిరిగి అదే చోటికి రావడానికి దాదాపు నలభై రోజులు. ఏదో ఒక్క రాత్రి ఐపీస్‌లో (కన్ను ఆనించే కటకంలో) చూసి ఏమీ లేదనుకుని మూతపెట్టేస్తే, గ్రహానికి నున్నగా ఉన్న వైపే ఆ పూట మనవైపు తిరిగి ఉండి ఉండొచ్చు. పది రోజులాగి అదే వేళకు మళ్ళీ చూడండి.